దాయాదులతో వియ్యం

కరోనా తొలి ఏడాదిలో డాక్టర్లను తికమక పెట్టిన విషయం ఒకటుంది. ఒకే ఇంట్లో ఇంచుమించు ఒకే వయసున్న ఇద్దరికి జబ్బు సోకితే ఒకరు నాలుగు రోజులు జ్వరంతో పడుకుని లేచి తిరిగేవారు, రెండోవారికి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చేది. తేడా ఎక్కడుందోనని వేల మంది రోగుల డీఎన్‌ఏను జల్లెడ పడితే మూడో క్రోమోజోమ్ మీద ఒక ముక్క బయటపడింది. దాని పొడవు దాదాపు 50,000 డీఎన్‌ఏ అక్షరాలు. అది ఉన్నవారికి జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. 2020లో హ్యూగో జీబెర్గ్, స్వాంటె పాబో అనే శాస్త్రవేత్తలు దాని పుట్టుపూర్వోత్తరాలు తేల్చారు. క్రొయేషియాలోని విండియా గుహలో దొరికిన, సుమారు 50,000 ఏళ్ల నాటి, ఇప్పుడు అంతరించిపోయిన నియాండర్తల్ అనే మానవ జాతి స్త్రీ ఎముకలో దాదాపు అచ్చంగా అదే ముక్క ఉంది.

ఐరోపాలో నూటికి 16 మందిలో కనిపించే ఈ ముక్క దక్షిణాసియాలో సుమారు సగం మందిలో ఉంది. బంగ్లాదేశ్‌లో అయితే నూటికి 63 మందిలో. ఈ లెక్కకు ఆధారం 'వెయ్యి జీనోమ్‌ల ప్రాజెక్టు'. అందులో దక్షిణాసియా తరఫున లాహోర్ పంజాబీలు, బంగ్లాదేశ్ బెంగాలీలతో పాటు బ్రిటన్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్లు కూడా నూరు మంది దాకా ఉన్నారు. విచిత్రమేమంటే, మన ఉపఖండంలో ఇంతవరకు నియాండర్తల్ ఎముక ఒక్కటీ దొరకలేదు.

ముందుగా వాళ్లకూ మనకూ ఉన్న చుట్టరికం సంగతి చూద్దాం. కోతి నుంచి మొదలై వంగిన మనిషి, నిటారు మనిషి వరసగా నడిచే బొమ్మ చాలామంది చూసే ఉంటారు. ఆ బొమ్మ వల్ల నియాండర్తల్ మనకు తాత అనే అపోహ పాతుకుపోయింది. నిజానికి ఐదున్నర నుంచి ఏడున్నర లక్షల ఏళ్ల కిందట ఒకే మూలం నుంచి రెండు కొమ్మలు చీలాయి. ఆఫ్రికాలో పెరిగిన కొమ్మ మనం. ఐరోపాలో, పశ్చిమాసియాలో పెరిగిన కొమ్మ నియాండర్తల్‌లు. మన వరసల్లో చెప్పాలంటే దాయాదులు. అటు స్పెయిన్ నుంచి ఇటు సైబీరియాలోని ఆల్టాయ్ కొండల దాకా, మంచుయుగాల చలిని తట్టుకుంటూ లక్షల ఏళ్లు బతికారు. సుమారు 40,000 ఏళ్ల కిందట కనుమరుగయ్యారు. వాళ్ల మెదడు మన మెదడు కంటే చిన్నదేమీ కాదు.

వాళ్లకు జరిగిన అన్యాయం చిన్నది కాదు. 1856లో జర్మనీలోని నియాండర్ లోయలో సున్నపురాయి తవ్వుతున్న కూలీలకు ఎముకలు దొరికితే ఎలుగుబంటివి అనుకున్నారు. వాటిని మనిషి ఎముకలుగా గుర్తించినవాడు ఫూల్‌రోట్ అనే బడిపంతులు. 1908లో ఫ్రాన్స్‌లోని లా షపెల్ ఓ సాన్‌లో దాదాపు పూర్తి అస్థిపంజరం దొరికితే, మార్సెలిన్ బూల్ అనే పండితుడు దాన్ని చూసి మోకాళ్లు వంగి, మెడ ముందుకు చాచి, కాళ్లీడ్చుకుంటూ నడిచే మోటు జీవిని ఊహించాడు. ఆ మనిషికి కీళ్లవాతం తీవ్రంగా ఉందని, ఆరోగ్యంగా ఉన్న నియాండర్తల్ మనలాగే నిటారుగా నడిచేవాడని 1957లో మళ్లీ పరీక్షించినవారు చెప్పేదాకా అదే బొమ్మ పుస్తకాల్లో చెలామణీ అయింది.

నన్ను కదిలించే నియాండర్తల్ మరొకడున్నాడు. ఇరాక్‌లోని కుర్దుల కొండల్లో షానిదార్ అనే గుహ ఉంది. 1950ల్లో రాల్ఫ్ సొలెకి అక్కడ తవ్వకాలు జరిపినప్పుడు బయటపడ్డ మగమనిషి అస్థిపంజరం అతనిది. వయసు నలభై దాటి ఉంటుంది, ఆ కాలానికి ముసలితనమే. ఎప్పుడో చిన్న వయసులో ఎడమ కంటి పక్కన బలమైన దెబ్బ తగిలింది. ఆ కన్ను పోయే ఉంటుంది. కుడిచేయి ఎండిపోయింది, మోచేతి కింది భాగం లేదు. కాలు కుంటి. చెవి రంధ్రాల్లో ఎముక పెరిగి వినికిడి దెబ్బతింది. వేటాడితేనే తిండి దొరికే కాలంలో ఇన్ని లోపాలున్న మనిషి ఎన్నాళ్లు బతకాలి? ఆ గాయాలన్నీ మానిన గాయాలే. అవి తగిలాక అతను చాలా ఏళ్లు బతికాడు. అంటే తిండి పెట్టినవాళ్లు, మృగాల బారిన పడకుండా కాచినవాళ్లు ఉన్నారన్నమాట. వాళ్లను మనుషులు అనడానికి నాకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

మన పూర్వీకులకు, వాళ్లకు సంబంధం కలిసిందా లేదా అన్నది ఎముకలు చూసి తేలే విషయం కాదు. దాన్ని తేల్చినవాడు పాబో. ఈ స్వీడన్ దేశస్థుడు జర్మనీలోని లైప్‌జిగ్ మాక్స్ ప్లాంక్ సంస్థలో పాతికేళ్లకు పైగా దీని మీదే పనిచేశాడు. వేల ఏళ్ల నాటి ఎముకలో డీఎన్‌ఏ నలిగి తునకలైపోయి ఉంటుంది. దొరికినదానిలోనూ నూటికి 95 పాళ్లకు పైగా ఆ ఎముకలో కాపురం పెట్టిన సూక్ష్మజీవులదే. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఎముకను ముట్టుకున్నవాళ్ల డీఎన్‌ఏ. నియాండర్తల్‌ది, మనది ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయి కాబట్టి ఏది ఎవరిదో పోల్చుకోవడం కష్టం. అందుకే ఒళ్లంతా కప్పుకుని, గాలిని కూడా వడగట్టిన గదుల్లో ఆ పని చేశారు.

1997లో పాబో బృందం తల్లి నుంచి మాత్రమే సంక్రమించే మైటోకాండ్రియా డీఎన్‌ఏను చదివింది. అందులో మనతో కలయిక ఆనవాళ్లే లేవు. చాలామంది అక్కడితో కథ ముగిసిందనుకున్నారు. 2010లో విండియా ఎముకల నుంచి జీనోమ్ చిత్తుప్రతి సిద్ధం చేసి దాన్ని ఈనాటి ఐదుగురితో పోల్చారు. ఇద్దరు ఆఫ్రికావాసులు, ఒక ఫ్రెంచి వ్యక్తి, ఒక చైనీయుడు, ఒక పాపువా వాసి. కలయిక జరిగి ఉంటే అది నియాండర్తల్‌లు తిరిగిన ఐరోపాలోనే కనిపించాలి కదా? ఫ్రెంచి వ్యక్తిలో ఎంత ఉందో, నియాండర్తల్‌లు అడుగైనా పెట్టని పాపువా మనిషిలోనూ ఇంచుమించు అంతే ఉంది. ఆఫ్రికా దాటిన మన పూర్వీకులు ప్రపంచమంతా చెదరకముందే, బహుశా పశ్చిమాసియాలో, వియ్యం జరిగిందన్నమాట. ఆఫ్రికా బయటి వారందరిలో సుమారు రెండు శాతం డీఎన్‌ఏ అలా వచ్చిందే. ఈ కృషికి పాబోకు 2022లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆ వియ్యం ఎప్పుడు జరిగిందో కూడా లెక్కగట్టొచ్చు. తరం మారిన ప్రతిసారీ అమ్మ వైపు, నాన్న వైపు క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి కాబట్టి నియాండర్తల్ ముక్కలు తరతరానికీ పొట్టివవుతాయి. పొడవైన ముక్కలుంటే చుట్టరికం దగ్గరిది. రుమేనియాలోని ఒవాసే గుహలో దొరికిన సుమారు 40,000 ఏళ్ల నాటి దవడ ఎముక ఒకటుంది. అది మనలాంటి మనిషిదే. కానీ డీఎన్‌ఏలో ఆరు నుంచి తొమ్మిది శాతం నియాండర్తల్‌ది, అదీ చాలా పొడవైన ముక్కలుగా. నాలుగు నుంచి ఆరు తరాల వెనుక అతని పూర్వీకుల్లో ఒక నియాండర్తల్ ఉన్నట్టు. ఈ కొలతతోనే ప్రధాన కలయిక 50,500 నుంచి 43,500 ఏళ్ల కిందటి వరకు, సుమారు 7,000 ఏళ్ల పాటు సాగిందని 2024లో అంచనా కట్టారు. ఆ కలయికలు ఇష్టంతో జరిగాయా, బలవంతంగానా అన్నది డీఎన్‌ఏ చెప్పదు. పుట్టిన పిల్లలను మన పూర్వీకుల గుంపులు పెంచి పెద్ద చేశాయని మాత్రం చెబుతుంది, లేకపోతే ఆ ముక్కలు మనదాకా రావు.

వచ్చినదంతా నిలవలేదు. ఎక్స్ క్రోమోజోమ్ మీద నియాండర్తల్ వాటా బాగా తక్కువ, అక్కడ పొసగనివి తరాలు గడిచేకొద్దీ రాలిపోయాయి. చర్మానికి, రోగనిరోధక శక్తికి సంబంధించినవి కొన్ని మిగిలాయి. పన్నెండో క్రోమోజోమ్ మీది ఒక నియాండర్తల్ ముక్క కరోనా తీవ్రతను తగ్గిస్తుందని కూడా తేలింది.

భారతదేశంలో ఈ వారసత్వం ఎంత వైవిధ్యంగా ఉందో 2025లో వెలువడ్డ ఒక అధ్యయనం చూపించింది. 2,700 మందికి పైగా భారతీయుల జీనోములను చదివి, ఒక్కొక్కరిలో ఉన్న వేర్వేరు ముక్కలను ఒకచోట పేర్చితే నియాండర్తల్ జీనోమ్‌లో సుమారు సగం తిరిగి కూర్చవచ్చని తేలింది.

ఇక మూడో క్రోమోజోమ్ ముక్క విషయం. మనలో ఇంతమందికి ఉంది కాబట్టి మనకే ఎక్కువ ముప్పు అని కంగారు పడనక్కర్లేదు. హైదరాబాద్ జన్యుశాస్త్రవేత్త తంగరాజ్, బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన జ్ఞానేశ్వర్ చౌబే తమ సహచరులతో కలిసి 2021లో దీన్ని పరిశీలించారు. ఆ ముక్క ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో కరోనా కేసులు, మరణాలు ఎక్కువ అన్న లెక్క దక్షిణాసియాలో కుదరలేదు. ఇంత చేటు తెచ్చే ముక్క మన దగ్గర ఇంతమందిలో ఎందుకు నిలిచిందన్నది అసలు ప్రశ్న. అది ఉన్నవారికి హెచ్‌ఐవీ సోకే ప్రమాదం పాతిక శాతానికి పైగా తక్కువని జీబెర్గ్ 2022లో చూపించాడు. హెచ్‌ఐవీ మనుషుల్లోకి వచ్చి నూరేళ్లకు కాస్త అటూఇటూ. వేల ఏళ్ల కిందటి ఎంపికకు అది కారణం కాలేదు. అంతకుముందు ఈ నేల మీద చెలరేగిన మరేదో మహమ్మారి నుంచి ఆ ముక్క మన పెద్దలను కాచి ఉండాలి. కలరా కావచ్చని కొందరి అనుమానం, పరిశోధన నడుస్తోంది.