యామనపల్లి ఎముకలకు పేరెలా వచ్చింది?

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు వెళ్లిన వారందరూ అక్కడి బండలను చూసే ఉంటారు. ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే ఆ గ్రానైట్ శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. "ఇంత పాత రాళ్లు కదా, వీటిలో శిలాజాలు దొరకవా?" అని మన జూనియర్లు అడుగుతుంటారు. దొరకవు. గ్రానైట్ భూమి లోపల కరిగిన శిలాద్రవం చల్లారి గట్టిపడగా ఏర్పడింది. అందులో జీవుల ఆనవాళ్లు ఉండవు. ఇసుక, ఒండ్రు, సున్నం పొరలు పొరలుగా పేరుకుని రాయిగా మారిన చోటనే శిలాజాలు నిలుస్తాయి. మన రాష్ట్రంలో అటువంటి రాళ్లకు పేరెన్నికగన్నది ప్రాణహిత-గోదావరి లోయ. అక్కడ దొరికిన ఒక కొత్త జీవిని శాస్త్రజ్ఞులు ఎలా గుర్తించారో మిత్రులందరికీ తెలియజేయాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాము.

ఎక్కడ దొరికింది?

1970 దశకం చివర్లో యామనపల్లి అనే పల్లె దగ్గర, సుమారు 2,400 చదరపు మీటర్ల స్థలంలో 840 ఎముక భాగాలు బయటపడ్డాయి. అవి జురాసిక్ కాలపు 'కోట' శిలాస్తరంలోనివి. అన్నీ కలగలిసి ఉన్నాయి. మరి జంతువులెన్ని? దీనికి ఒక తేలిక లెక్క ఉంది. ఒక జంతువుకు ఎడమ తొడ ఎముక ఒక్కటే ఉంటుంది. అవి అయిదు దొరికితే అక్కడ కనీసం అయిదు జంతువులున్నట్లే. ఈ తరహా లెక్కతో యామనపల్లిలో కనీసం 12 జంతువులున్నట్లు తేలింది.

కొత్త జీవి అని ఎలా తేల్చారు?

"ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు" అంటే శాస్త్రం ఒప్పుకోదు. తెలిసిన ప్రతి దగ్గరి బంధువుతో పోల్చి, తేడా చూపాలి. ఆ తేడా వయసు వల్ల వచ్చిందా, రాయి ఒత్తిడికి ఎముక వంకరపోవడం వల్ల వచ్చిందా అన్నదీ చూడాలి. ట్రైలోబైట్ అనే ప్రాచీన సముద్రజీవి విషయంలోనూ ఇదే చిక్కు. మన దేశంలో అవి హిమాలయాల్లోని స్పితి లోయ వంటి చోట్ల దొరుకుతాయి. వాటిలో ముళ్లున్న రకాల ముళ్లు రాయిలోనే విరిగిపోతే, ఒకే జాతి రెండు జాతులుగా కనబడి మోసపోవచ్చు.

యామనపల్లి జంతువు స్తంభాల్లాంటి కాళ్లతో నాలుగు కాళ్లపై నడిచే సారోపాడ్ డైనోసార్ అని తెలిసింది. పొడవు సుమారు 9 మీటర్లు. అదే కోట శిలల నుంచి 1975లో 'బరపాసారస్ టాగోరై' అనే పెద్ద సారోపాడ్‌కు పేరు పెట్టి ఉన్నారు. ఇదీ అదేనా? కాదు. దీని వెన్నుపూసలు మరింత సాదాగా ఉన్నాయి. తుంటిలోని ఇలియం ఎముక ఎత్తు తక్కువ. తొడ ఎముకపై కండరం అతుక్కునే చిన్న గట్టు ఇంకా మిగిలే ఉంది. ఇవన్నీ సారోపాడ్‌ల కన్నా ముందటి డైనోసార్ల లక్షణాలు. అందుకే దీనిని సారోపాడ్ వంశవృక్షంలో మొదలుకు దగ్గరి కొమ్మపై ఉంచారు.

పేరు పెట్టే పద్ధతి

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా శాస్త్రజ్ఞుడు పి. యాదగిరి 1988లో దీనికి 'కోటసారస్ యామనపల్లియెన్సిస్' అని పేరు పెట్టారు. మొదటి మాట ప్రజాతి, కోట శిలల పేరు మీద వచ్చింది. రెండవది జాతి, 'యామనపల్లికి చెందినది' అని అర్థం. పేరు పెడితే సరిపోదు. ఆ పేరుకు ఆధారంగా ఒక నమూనాను ప్రకటించాలి. ఇక్కడ అది ఒక ఇలియం ఎముక. రేపు ఎవరికి అనుమానం వచ్చినా దానితోనే పోల్చి చూసుకోవాలి. వివరణ అంతటితో ఆగలేదు. 2001లో ఆయనే ఎముకల నిర్మాణాన్ని మరింత వివరంగా ప్రచురించారు. తవ్వకం నుంచి పేరు వరకు సుమారు పదేళ్లు, పూర్తి వివరణకు మరో పదమూడేళ్లు!

దొరకని తల

ఇన్ని ఎముకల్లో తల మాత్రం లేదు. దొరికినవి రెండు పళ్లే. ఫిల్మ్‌నగర్ గ్రాఫిక్స్‌లో డైనోసార్‌కు ఏ తలనైనా అతికించవచ్చు. శాస్త్రంలో మాత్రం ఇది దొరికింది, ఇది ఊహించింది అని విడదీసి చెప్పాలి. నౌబత్ పహాడ్‌పై ఉన్న బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ అస్థిపంజరాన్ని నిలబెట్టారు. చూడడానికి వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఏది అసలు ఎముక, ఏది నమూనా అని అక్కడి వారిని అడిగి తెలుసుకోవాలి.

మనం చేయవలసింది

మనలో చాలామందిమి గోదావరి తీరపు పల్లెల నుంచి, బొగ్గు గనుల ప్రాంతాల నుంచి వచ్చిన వాళ్లమే. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు చేనులోనో వాగు ఒడ్డునో ఎముకలాంటి రాయి, ఆకు ముద్ర ఉన్న రాయి కనబడవచ్చు. పగలగొట్టవద్దు, పెకలించవద్దు. ఏ పొరలో ఉందో తెలియకపోతే దాని వయసు చెప్పడం కష్టం, సగం విలువ పోయినట్లే. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, చోటు రాసుకుని, సైన్సు మాస్టారికి చెప్పండి. హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే కార్యాలయానికి తెలియజేయవచ్చు.

మాది చిన్న ఊరు, అక్కడేముంది అని మనం ఎన్నోసార్లు అనుకుంటాం. యామనపల్లీ చిన్న ఊరే. ఓపికగా కొలిచి, పోల్చి, రాసినవారు ఉన్నారు కనుక ప్రపంచంలో డైనోసార్లను చదివే ప్రతివారూ నేడు ఆ తెలుగు పల్లె పేరును పలుకుతున్నారు.