పరుగెత్తాలా, ఆగాలా?



2008 ఆగస్టు 18వ తేదీన బీజింగు నగరములోని 'పక్షిగూడు' అను ఒలింపిక్ క్రీడాస్థలము జనముతో కిక్కిరిసియున్నది. వారందరు ఎదురుచూచినది లియు షియాంగ్ అను ఒక్క యౌవనస్థుని కొరకే. 110 మీటర్ల హర్డిల్స్ పరుగులో అతడు 2004లో ఏథెన్సులో 12.91 సెకన్లతో ప్రపంచ రికార్డును సమము చేసి బంగారు పతకము తెచ్చాడు. 2006లో లోజాను నగరములో 12.88 సెకన్లతో కొత్త రికార్డు నెలకొల్పాడు. ఇప్పుడు సొంత గడ్డమీద, సొంత జనుల యెదుట పందెము. ఇట్టిది ఎవరికైనను జీవితములో ఒక్కసారే వచ్చును.

అయితే అతని కుడి మడమ పైనున్న నరము అప్పటికే చెడియున్నది. తుపాకి మ్రోగగానే వేరొకరు ముందుగా కదలినందున పరుగు ఆపివేశారు. ఆ కొన్ని అంగలలోనే లియుకు సంగతి తెలిసిపోయినది. మరల గీత యొద్దకు రాక, కాళ్లకు అంటించుకున్న నంబరు కాగితములు పీకివేసి లోపలికి వెళ్లిపోయాడు. అతని శిక్షకుడు సున్ హైపింగ్ విలేకరుల యెదుట కన్నీరు ఆపుకొనలేకపోయాడు. దేశములో కొందరు జాలిపడ్డారు, కొందరు పిరికివాడన్నారు. గట్టుమీద కూర్చున్నవాడు ఎన్నయినా చెప్పును.

ఆ నరము సంగతి కొంచెము చెప్పాలి. పిక్కను మడమ ఎముకకు కట్టియుంచే మోకువంటిది అది. శరీరములోని అట్టి బంధనములన్నిటిలో మందమైనది, బలమైనది. కాని దానికి రక్త ప్రసరణ తక్కువ గనుక గాయము త్వరగా మానదు. లియు పరుగులో సుమారు మూడున్నర అడుగుల ఎత్తు గల పది అడ్డములను దాటాలి. ఎగిరిన ప్రతిసారి, నేలకు దిగిన ప్రతిసారి ఆ బరువంతయు దానిమీదనే పడును.

ఆ సంవత్సరము డిసెంబరులో అమెరికాలో అతనికి ఆపరేషన్ జరిగినది. 2009 సెప్టెంబరులో షాంఘైలో మరల పరుగెత్తి 13.15 సెకన్లతో రెండవవాడుగా వచ్చాడు. 2010లో గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో బంగారు పతకము, 2011లో ప్రపంచ పోటీలలో వెండి పతకము గెలిచాడు. ఆ దినము ఆగినందుననే అతనికి ఈ సంవత్సరములు దక్కినవని నా తలంపు.

2012లో లండనులో మడమ మరల బాధించినను అతడు పరుగెత్తాడు. మొదటి హర్డిల్‌కే తగిలి పడిపోయాడు, నరము తెగినది. ఒంటికాలిమీద గెంతుకుంటూ చివరి వరకు వెళ్లి ఆఖరి హర్డిల్‌ను ముద్దుపెట్టుకున్నాడు. జనులు లేచి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కాలిని బాగుచేయలేదు. 2015లో అతడు క్రీడ విరమించాడు.

మన పల్లెలలో ఒలింపిక్స్ లేవు గాని కానిస్టేబుల్ ఎంపిక ఉన్నది. మగపిల్లలకు 1600 మీటర్ల పరుగు. తెల్లవారుజామున తారురోడ్ల మీద, చెరువుగట్ల మీద మన పిల్లలు పరుగెత్తుట చూస్తూనే ఉన్నాము. మరల నోటిఫికేషన్ ఎప్పుడు వచ్చునో తెలియదు, వయస్సు దాటిపోవుచుండును, కోచింగుకు అప్పు చేసియుందురు. అట్టి ఇంటిలో "ఈసారికి ఆగు నాయనా" అనుట తల్లిదండ్రులకు ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక సూది వేయించుకొని పరుగెత్తు అనేవారే ఎక్కువ.

ఆ సూది సంగతి జాగ్రత్త. నొప్పి తెలియకపోయినంత మాత్రాన గాయము మానినట్టు కాదు. మడమ నరము దగ్గర స్టెరాయిడ్ మందు ఎక్కించిన తరువాత అది తెగిపోయిన సందర్భములు వైద్యులకు తెలిసినవే. ఉదయము లేవగానే పట్టేసి, నాలుగడుగులు నడిచిన తరువాత సడలే నొప్పి అయితే, పరుగు తగ్గించి, వైద్యుడు చెప్పిన మడమ వ్యాయామములు ఓపికగా చేయాలి. వారములు, ఒక్కొక్కసారి నెలలు పట్టును. వెనుకనుండి ఎవరో తన్నినట్టు తటాలున అనిపించినా, ఆ కాలి మునివేళ్లమీద లేవలేకపోయినా, పందెము రేపే ఉన్నను ఎముకల డాక్టరు దగ్గరకే వెళ్లాలి.

తండ్రులారా, పిల్లలు నొప్పిని దాచుదురు. ఫీజు ఎంత కట్టారో వారికి తెలుసు గనుక దాచుదురు. ఒక సాయంకాలము ప్రక్కన కూర్చుండి, ఒంటికాలి మునివేళ్లమీద లేచి చూపించమని మీరే అడగండి.