కుక్క కడుపులో మామిడి టెంక

రసం పీల్చి పారేసిన మామిడి టెంకను పెంపుడు కుక్క గుటుక్కున మింగేస్తుంది. ఆ తర్వాత తిన్నదంతా కక్కుతుంది, తాగిన నీళ్లూ నిలవవు. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుంటారు. కానీ జీర్ణాశయం చివర, పేగులోకి దారితీసే పైలోరస్ అనే ఇరుకైన ద్వారానికి టెంక అడ్డుపడి ఉండవచ్చు. సాక్సు, మొక్కజొన్న బెండు, రబ్బరు బంతి, ప్లాస్టిక్ కవరు కూడా ఇలాగే ఇరుక్కుంటాయి.

వాంతితో పోయేది నీరొక్కటే కాదు. జఠరరసంలోని హైడ్రోక్లోరిక్ ఆమ్లమూ పోతుంది. ఒంట్లో క్లోరైడ్, పొటాషియం తగ్గి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. పొటాషియం మరీ పడిపోతే గుండె లయ తప్పవచ్చు. అందుకే ముందు సెలైన్‌తో నీటి, లవణాల లోటు పూడ్చి, తర్వాతే మత్తు ఇస్తారు. వెంటనే కోసి తీసేయరేమని యజమాని కంగారుపడతాడు గానీ, కుక్క ఆపరేషన్‌ను తట్టుకునేది ఈ కొద్ది గంటల సన్నాహం వల్లే.

ఎముక, లోహం ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తాయి. టెంక, గుడ్డ, ప్లాస్టిక్ సరిగా కనబడకపోతే అల్ట్రాసౌండ్ చేస్తారు. చిన్న వస్తువులను ఎండోస్కోప్‌తో నోటి గుండానే తీయవచ్చు. పట్టుకు జారిపోయే పెద్ద టెంకకు గ్యాస్ట్రాటమీ, అంటే జీర్ణాశయాన్ని కోసి తీసే శస్త్రచికిత్స, అవసరమవుతుంది.

పొట్ట మధ్యగీత వెంట కోసి, జీర్ణాశయాన్ని పైకి తీసి చుట్టూ తడి గుడ్డలు పేరుస్తారు. లోపలి ద్రవం పొట్టలోకి ఒలికితే ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్ రావచ్చు. రక్తనాళాలు తక్కువున్న చోట కోత పెట్టి టెంకను తీసి, కరిగిపోయే దారంతో సాధారణంగా రెండు వరుసల కుట్లు వేస్తారు. పొట్ట మూసేముందు పేగు మొత్తాన్నీ వేళ్లతో తడిమి చూస్తారు. ఒక టెంక మింగిన కుక్క రెండోది వదిలిందని నమ్మకమేముంది!

జీర్ణాశయానికి రక్తప్రసరణ బాగా ఉంటుంది కనుక గాయం త్వరగా మానుతుంది. అదే టెంక పేగులోకి జారి బిగుసుకుంటే చికిత్స కష్టం. రక్తం అందక పేగు గోడ చచ్చిపోతే ఆ ముక్కను కోసేసి, రెండు కొసలనూ కలిపి కుట్టాలి. ఆ కుట్లు ముఖ్యంగా 3 నుంచి 5 రోజుల మధ్య విడిపోయే ప్రమాదముంది.

కక్కించాలని ఇంట్లో ఉప్పునీళ్లు పట్టడం ప్రమాదకరం, ఒంట్లో సోడియం విపరీతంగా పెరుగుతుంది. నోట్లోంచో మలద్వారం నుంచో దారం వేలాడుతుంటే లాగకూడదు. లోపల ముడతలు పడిన పేగును అది రంపంలా కోస్తుంది.

ఆపరేషన్ తర్వాత వాంతులు లేవని చూసుకుని కొద్దికొద్దిగా నీళ్లు, ఆపై మెత్తని ఆహారం పెడతారు. కుట్లు నాకకుండా మెడకు గరాటులాంటి కాలర్ తొడుగుతారు.