దూడ వంతు

మొవ్వ పేరు వినగానే క్షేత్రయ్య పదములును, మువ్వగోపాలుడును తలపునకు వత్తురు. గోపాలుడు కొలువున్న ఆ సీమలో నేడు పాడి యన్న చాలవరకు గేదె పాడియే. ఒంగోలు జాతి ఆవు పాలకంటె కోడెలకే పేరుపడినది. ఈ జాతియే బ్రెజిల్ దేశమునకు పోయి, నెల్లూరి పేరుతో 'నెలోరె' యనిపించుకొని, అచట మాంసమునకై పెంచు పశువైనది.

ఇట్టి ఆవును పితుకుట యొక విద్య. చెంబు పట్టుకొని కూర్చున్నంత మాత్రమున పాలీయదు. ముందు దూడను విడువవలెను. అది పొదుగు కుమ్మి నాలుగు గుక్కలు కుడువగా తల్లి చేపును. దూడ స్పర్శచే పీయూషగ్రంథి నుండి ఆక్సిటోసిన్ అను రసము నెత్తురులో కలిసి పాలను చన్నులకు దింపునని శాస్త్రము చెప్పుచున్నది. బెదరిన ఆవు ఎగచేపును. పొదుగున పాలున్నను చెంబులో పడవు.

తెలిసిన గృహస్థు రెండు చన్నులు పితికి, రెండు దూడకు విడుచును. ఆశపడి నాలుగును పిండిన నాడు చెంబు నిండును, దూడ చిక్కిపోవును. దూడ పోయినచో పెక్కు ఆవులు చేపుట మాని వట్టిపోవును. కావున దూడ వంతు దయ మాత్రమే కాదు, లెక్క కూడ.

నేడు కోడె పనిని ట్రాక్టరు తీసికొన్నది. పాలచెంబును గేదె తీసికొన్నది. గుంటూరు చెంతనున్న లాం పశు పరిశోధన స్థానము ఈ జాతిని కాపాడుటకు కృషి చేయుచున్నది. కాని చేపు వరకు వేచియుండు ఓర్పును పెరటిలోనే నేర్వవలెను. ఉపాధ్యాయులు ఒక ఉదయమున పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూపదగిన పాఠమిది.