గాలానికి అలారం కావాలా?

ఆదివారం చెరువుకు పోయి గాలం వేయని విద్యార్థి మన హాస్టల్‌లో అరుదు. చేప ఎరను తాకగానే కూసే ఎలక్ట్రానిక్ అలారం కొనాలా అని కొందరు తమ్ముళ్ళు అడిగారు. మాకు తెలిసింది చెబుతాం.

1952లో ఇంగ్లాండులో 44 పౌండ్ల, అంటే సుమారు 20 కిలోల కార్ప్‌ను పట్టిన రిచర్డ్ వాకర్ రాత్రివేటకు ఇలాంటి అలారం వాడాడు. ఆ కార్ప్ మన బంగారుతీగే. గాలపు దారం అలారం మీదుగా పోతుంది. చేప లాగితే దారం కదులుతుంది, కూత వస్తుంది, లైటు వెలుగుతుంది.

కంభం చెరువులాంటి పెద్ద నీటిలో ఎరను దూరంగా అడుగున వేసి, రెండు మూడు రాడ్లతో గంటల తరబడి కాచుకునేవారికి ఇది పనికొస్తుంది. బెండు కట్టిన వెదురు గాలానికి అనవసరం. బెండు మునగడం కంటికే కనబడుతుంది. పైగా గాలి వీచినా, నాచు తగిలినా అలారం కూస్తుంది.

ఒక రాత్రి మేము కట్ట మీద కునుకు తీస్తే చేప గాలాన్ని కర్రతో సహా లాక్కుపోయింది. అది నాన్న కర్ర. ఇంట్లో గాలమంటే సరదా కాదు, మరునాటి కూర. అలారం ఉన్నా, కర్రను గట్టిగా పాతకపోతే మేము లేచేసరికి అది నీళ్ళలోనే ఉండేది.

అందుకే తమ్ముళ్ళారా, స్కాలర్‌షిప్ డబ్బు తీయకండి. కర్ర కొనకు ఒక గజ్జె కట్టి చూడండి. చెరువు పాటకు తీసుకున్నవారిని అడిగే గాలం వేయండి. ఉద్యోగం వచ్చాక అలారం కొనుక్కోవచ్చు. అది లేపుతుంది, చేపను పట్టాల్సింది మాత్రం మన చెయ్యే.