ఆకుచుట్టు పురుగు (ప్రత్తి)

ఆకుచుట్టు పురుగు ప్రత్తి, బెండ ఆకులను గొట్టములా చుట్టి, ఆ చుట్టలోనే నివసించే ఒక చిన్న కీటకము. దీని శాస్త్రీయ నామము హారిటలోడెస్ డెరోగేటా. ఇది లెపిడోప్టెరా క్రమములో క్రాంబిడే కుటుంబానికి చెందినది. దీనిని 1775లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ మొదటగా వర్ణించాడు. పాత వ్యవసాయ గ్రంథాలలో ఇది సైలెప్టా డెరోగేటా అనే పేరుతో కనిపిస్తుంది. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా ఖండములలో విస్తరించి ఉన్నది.

లక్షణాలు

రెక్కల పురుగు లేత పసుపు వన్నెలో ఉంటుంది. రెక్కలపై గోధుమరంగు అలల గీతలు, తల, వక్షములపై నల్లని చుక్కలు ఉంటాయి. రెక్కలు చాచినపుడు వెడల్పు సుమారు 3 సెంటీమీటర్లు. గొంగళి పురుగు నిగనిగలాడే లేత ఆకుపచ్చ రంగులో, నల్లని తలతో ఉంటుంది.

జీవిత చక్రము

రాత్రివేళ సంచరించే తల్లి పురుగు ఆకుల అడుగుభాగాన గుడ్లు విడివిడిగా పెడుతుంది. కొద్ది రోజులలో వెలువడిన పిల్ల పురుగులు మొదట ఆకు అడుగున గోకి తింటాయి. కొంత ఎదిగాక పట్టుదారముతో ఆకు అంచులను కలిపి బాకా ఆకారములో చుట్టి, లోపలినుండి ఆకును తింటాయి. చుట్టలో నల్లని గింజలవంటి విసర్జనము నిలిచి ఉంటుంది. ప్యూపా దశ చుట్టలోగాని, రాలిన ఆకులలోగాని గడుస్తుంది.

తిరువూరు ప్రాంతములో

ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరు 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతములో మామిడి తోటలతోపాటు ప్రత్తి కూడా సాగవుతుంది. 2002లో భారత ప్రభుత్వము బీటీ ప్రత్తిని అనుమతించింది. కాయతొలుచు పురుగుల కొరకు రూపొందించిన ఆ విత్తనములోని విషపదార్థము ఆకుచుట్టు పురుగుపైన కూడా పనిచేస్తుంది. అందువలన బీటీ ప్రత్తిలో ఇది అరుదైనది. అయినా బీటీ కాని ప్రత్తి, బెండ, తుత్తురుబెండ, మందార మొక్కలు దీనికి ఆశ్రయమిస్తాయి.

గుర్తింపు

ఆకు ముడుచుకొనుటకు వేరే కారణాలూ ఉన్నాయి. పచ్చదోమ రసము పీల్చినపుడు ప్రత్తి ఆకుల అంచులు క్రిందికి ముడుచుకొని ఎర్రబారతాయి. తామర పురుగుల వలన పైకి ముడుచుకొంటాయి. ఈ రెండింటిలోను పట్టుదారము ఉండదు. చుట్టను విప్పి చూడకుండా మందు చల్లితే అసలు పురుగుకు తగని మందు వాడి నష్టపోయే ప్రమాదమున్నది.

నివారణ

ఆకుచుట్ట పురుగుకు కవచము. పైన చల్లిన స్పర్శ విషము లోపలికి సరిగా చేరదు. కాని అదే చుట్ట పురుగు ఉనికిని దూరమునుండే తెలియజేస్తుంది. ఉధృతి తక్కువగా ఉన్నపుడు చుట్టలను చేతితో ఏరి నాశనము చేయుట సులభమైన పద్ధతి. దీపపు ఎరలు రెక్కల పురుగులను ఆకర్షిస్తాయి. పంట పూర్తయ్యాక మోళ్ళను, రాలిన ఆకులను తొలగించవలెను. పరాన్నజీవులైన చిన్న కందిరీగలు, పక్షులు దీని సహజ శత్రువులు. అనవసరముగా మందు చల్లితే మొదట నశించేవి చుట్టలో దాగిన పురుగులు కావు, బయట తిరిగే ఈ కందిరీగలే.