రుసుము కాపలా అవసరమా?

మన పేరును, వేలిముద్రను అపహరించి సొమ్ము కాజేయుట నేటి దొంగతనము. దీనికి కాపలా కాసెదమని ఏటేటా రుసుము కోరు సంస్థలు కలవు. ఆ రుసుము చెల్లింపదగినదేనా?

2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డుల విక్రేత యొకడు, భూమి దస్తావేజులపైని వేలిముద్రలను రబ్బరుపై దించి, వేలకొలది కార్డులు చలామణి చేసినట్లు పోలీసులు కనుగొనిరి. గిద్దలూరులో పొలము రిజిస్ట్రీ చేయించుకొన్న రైతు వేలిముద్రయు దస్తావేజుపై నున్నదే. రుసుము కాపలా దానిని చెరపజాలదు. తరచు కీడు జరిగిన పిదప కబురు పంపును.

గడియ మన చేతనే యున్నది. ఆధార్ సంస్థ వేలిముద్రలకు ఉచితముగా తాళము వేయనిచ్చును. రేషనుకు, పింఛనుకు వేలు వేయవలసిననాడు తీసి, మరల వేసికొనవలెను. మన పేరిట నెన్ని ఫోను నంబర్లున్నవో సంచార్ సాథీ తెలుపును. ప్రతి క్రెడిట్ సమాచార సంస్థయు ఏటా ఒక పూర్తి నివేదిక నుచితముగా నీయవలెనని రిజర్వు బ్యాంకు నియమము. సొమ్ము పోయినచో తక్షణమే 1930కు ఫోను చేయవలెను. ఇంతమాత్రము పాటించు గృహస్థునకు రుసుము కాపలా అనవసరమని మా అభిప్రాయము.